లైసెన్స్ టెస్ట్‌కి ఏ బైక్ మీద నేర్చుకోవాలి, ఏది తీసుకెళ్లాలి?

ఎల్ఎల్ఆర్ (లెర్నింగ్ లైసెన్స్) చేతికి రాగానే అందరూ 8 ఎలా వేయాలో, అంటే టెస్ట్ ట్రాక్ మీద 8 అంకె ఆకారంలో బండి ఎలా తిప్పాలో వెతకడం మొదలుపెడతారు. దానికంటే ముందు ఏ బండి మీద వేయాలో తేల్చుకోండి. ట్రాక్ మీద 8 వేసేటప్పుడు బండి దాదాపు మనిషి నడిచే వేగంలోనే వెళ్తుంది, ఆ వేగంలో మీ మాట వినే బండి చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. బరువు తక్కువ ఉండాలి, సీటు ఎత్తు తక్కువ ఉండాలి, హ్యాండిల్ బాగా తిరగాలి, అన్నిటికంటే ముఖ్యంగా మీరు రోజూ ప్రాక్టీస్ చేసే బండే అయ్యుండాలి. ఇంట్లో కొత్త బుల్లెట్ ఉన్నా సరే, పక్కింట్లో కండిషన్‌లో ఉన్న పాత స్ప్లెండర్ దొరికితే నేను ఆ స్ప్లెండరే తీసుకెళ్లమంటాను.

అసలు మీకు గేర్ బండి లైసెన్స్ కావాలా, గేర్ లేనిది చాలా? యాక్టివా, జూపిటర్, ఎలక్ట్రిక్ స్కూటర్లు, టీవీఎస్ ఎక్స్ఎల్ ఇవన్నీ గేర్ లేని రకం కిందికే వస్తాయి. టెస్ట్‌కి తెచ్చే బండి మీరు అప్లై చేసిన రకానిదే ఉండాలని రూల్, కాబట్టి గేర్ బండికి అప్లై చేసి స్కూటీ తీసుకెళ్తే కుదరదు. గేర్ బైక్ లైసెన్స్ ఉన్నవాళ్లు స్కూటీ నడుపుకోవచ్చు, స్కూటీ లైసెన్స్ ఉన్నవాళ్లు మాత్రం బైక్ నడపకూడదు. కాలేజీకి, ఆఫీసుకి స్కూటీ తప్ప వేరే బండి ముట్టను అనుకునేవాళ్లు గేర్ లేనిదే తీసుకోండి, అందులో తక్కువేం లేదు. ఇంట్లో అన్నదో నాన్నదో బైక్ ఉండి, అవసరానికి అది కూడా తీయాల్సి వస్తుందనుకుంటే మాత్రం ఇప్పుడే కాస్త కష్టపడి గేర్ బండి మీద ఇచ్చేయండి, మళ్లీ ఎల్ఎల్ఆర్ దగ్గర్నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అని యాక్టివా కొనిచ్చేస్తున్నారు. 16 ఏళ్ల వయసుకి చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని ఇంజిన్‌కి మాత్రమే. యాక్టివా దాదాపు 110 సీసీ, ఎక్స్ఎల్ 100 కూడా దాదాపు 100 సీసీ, రెండూ ఆ లెక్కలోకి రావు. 2019లో చట్టం మార్చాక మైనర్ బండి నడిపి పట్టుబడితే తండ్రికో ఓనర్‌కో 25,000 రూపాయల జరిమానాతో పాటు 3 ఏళ్ల వరకు జైలు శిక్ష కూడా పడొచ్చు. 18 నిండేదాకా ఆగండి.

ఇక బైక్ విషయానికి వద్దాం. స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, హోండా షైన్ 100 ఇంకా తక్కువ, 99 కిలోలే. పల్సర్ 150 తీసుకుంటే 150 కిలోలకి దగ్గర, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. రోడ్డు మీద 40లో వెళ్తున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, 8 మలుపులో బండి ఒక పక్కకి వాలగానే తెలుస్తుంది. 112 కిలోల బండి కొంచెం వాలితే కాలితో ఆపుకోగలరు, 195 కిలోలది ఒక హద్దు దాటి వాలిందంటే కొత్తవాళ్ల వల్ల కాదు, కింద పడేయాల్సిందే. పైగా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం స్ప్లెండర్‌లో 1236 మి.మీ., క్లాసిక్‌లో 1390 మి.మీ. ఆ దూరం ఎంత తక్కువుంటే బండి అంత చిన్న జాగాలో తిరుగుతుంది. స్ప్లెండర్, హెచ్ఎఫ్ డీలక్స్, షైన్, ప్లాటినా, స్టార్ సిటీ, టీవీఎస్ స్పోర్ట్, వీటిలో ఏది దొరికినా మంచిదే. వీటిలో ఏది గొప్ప అని వాదించుకోవాల్సిన పని లేదు, మీ చుట్టుపక్కల ఏది దొరికితే అది తీసుకోండి.

సీటు ఎత్తు కంపెనీ కాగితంలో చూసి నిర్ణయించుకోకండి. స్ప్లెండర్ 785 మి.మీ., ప్లాటినా 100 దాదాపు 805 మి.మీ. అని ఉంటుంది కానీ సీటు వెడల్పును బట్టి, కుషన్ మెత్తదనాన్ని బట్టి కాలు అందడం మారిపోతుంది. రోజూ వేసుకునే చెప్పులతో కాకుండా ప్రాక్టీస్‌కి వేసుకునే బూట్లతో బండెక్కి కూర్చోండి, స్టాండ్ తీసేసి రెండు పాదాలూ నేల మీద పెట్టండి. రెండూ పూర్తిగా ఆనితే చాలా మంచిది. రెండు కాళ్ల ముందు భాగం గట్టిగా ఆనినా నడుస్తుంది. మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తే మాత్రం ఆ బండి వద్దు, నేర్చుకునేటప్పుడు భయమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే సీటు మీద కూర్చుని కాళ్లతో తోసుకుంటూ ముందుకీ వెనక్కీ కాస్త దూరం కదలండి. అది మీ వల్ల అయితే బరువు మీకు సరిపోయినట్టు.

హ్యాండిల్‌ని కుడివైపు చివరిదాకా, ఎడమవైపు చివరిదాకా తిప్పి చూడండి. తిప్పినప్పుడు మీ వేళ్లు ట్యాంక్‌కి తగులుతున్నాయా, క్లచ్ వదలడానికి చోటు ఉంటోందా గమనించండి. యమహా ఆర్15, కేటీఎం ఆర్సీ లాంటి స్పోర్ట్స్ బైక్‌లలో హ్యాండిల్ కిందికి ఉండి, ఎక్కువ తిరగదు, ముందుకి వంగి కూర్చోవాలి. వాటి మీద 8 వేసేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లు అప్పటికే బాగా నడపడం వచ్చినవాళ్లు.

చున్నీ, చీరతో నడిపే అలవాటున్న అమ్మాయిలు ఇంకోటి కూడా చూసుకోండి. స్ప్లెండర్ లాంటి బళ్లకి చైన్ మొత్తం మూసేసే కవర్ ఉంటుంది, చాలా 150 సీసీ బైక్‌లకి చైన్ బయటికి కనిపిస్తుంది. చైన్‌లోనో చక్రంలోనో చున్నీ చిక్కుకుంటే జరిగేది చాలా ఘోరం. ఏ బండైనా సరే చున్నీ రెండు కొసలూ నడుముకి కట్టేసుకోండి, కుదిరితే ప్రాక్టీస్‌కి జీన్సో ట్రాక్ ప్యాంటో వేసుకోండి.

గేర్ల విషయంలో చాలామంది తడబడతారు. స్ప్లెండర్‌లో న్యూట్రల్ నుంచి నాలుగు గేర్లూ ముందుకే నొక్కాలి, తగ్గించాలంటే మడమతో వెనక నొక్కాలి. పల్సర్‌లో ఒకటి కిందికి, మిగతావన్నీ పైకి, న్యూట్రల్ ఒకటికీ రెండుకీ మధ్యలో ఉంటుంది. ఒకదాని మీద నేర్చుకుని టెస్ట్ రోజు ఇంకోదాని మీద వెళ్తే, గేర్ తగ్గిద్దామనుకుని పెంచేస్తారు, మలుపు మధ్యలో ఇంజిన్ దడదడలాడి ఆగిపోతుంది. ఫ్రెండ్ బండి బాగుందని చివరి రోజు మార్చకండి అని చెప్పేది ఇందుకే. ఒకవేళ మార్చక తప్పకపోతే కనీసం గేర్ల వరుస ఒకేలా ఉన్న బండికి మారండి, ముందురోజు సాయంత్రం దాని మీద కాసేపు తిరగండి.

నన్నడిగితే, కొత్తవాళ్లు గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా క్లచ్ దగ్గరే. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఖాళీ గ్రౌండ్‌లో ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అస్సలు ఇవ్వకుండా క్లచ్ మెల్లగా వదలండి. మంచి కండిషన్‌లో ఉన్న చిన్న బండి ఆగిపోకుండా, కుదుపు లేకుండా తనంతట తానే నడక వేగంలో సాగిపోతుంది. మీ 8 మొత్తం ఆ వేగంలోనే, హాఫ్ క్లచ్ పట్టుకుని (క్లచ్ సగమే వదిలి), ఫుట్ బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించి వేయాలి కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆ బండి మీకు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. గుద్దుకున్నట్టు కుదుపుతూ వెళ్తే చైన్ లూజుగా ఉండొచ్చు, క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉండొచ్చు, ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మరీ తక్కువ ఉండొచ్చు. పాత కార్బురేటర్ బండైతే మెకానిక్ స్క్రూ కొంచెం తిప్పి ఐడిలింగ్ సరిచేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో ఎక్కువ భాగం ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే, వాటిలో అలా స్క్రూ తిప్పడం ఉండదు, తేడా ఉంటే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి.

క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. వరకు వదులు ఉండాలి. అసలు వదులే లేకపోతే క్లచ్ జారుతుంది. మరీ ఎక్కువుంటే లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడిపోదు, న్యూట్రల్ దొరకదు, బండి ముందుకి లాగుతూ ఉంటుంది. లివర్ గట్టిగా ఉంటే కొత్త కేబుల్ వేయించండి, పెద్ద ఖర్చేం కాదు. గంటసేపు హాఫ్ క్లచ్‌లో ప్రాక్టీస్ చేశాక వేళ్లు నొప్పి పుడితే తప్పు మీ చేతిది అనుకోకుండా ముందు కేబుల్ చూపించండి. టైర్లలో గాలి తగ్గితే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, ప్రాక్టీస్‌కి వెళ్లేముందు బంకులో చూపించుకోండి.

బ్రేకుల గురించి ఒక సంగతి చాలామంది కొత్తవాళ్లకి చెప్పరు. 2019 ఏప్రిల్ నుంచి వస్తున్న 125 సీసీ లోపు బళ్లలో కాంబీ బ్రేక్ తప్పనిసరి చేశారు, అంటే ఫుట్ బ్రేక్ నొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేక్ పడుతుంది. మామూలుగా అది మంచిదే. 8 మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ఆ బ్రేక్‌ని గట్టిగా తొక్కితే మాత్రం బండి లోపలి వైపుకి పడబోతుంది. అంతకుముందు వచ్చిన పాత బండి మీద నేర్చుకుని కొత్తదానికి మారినవాళ్లు ఈ తేడాని గ్రౌండ్‌లో ముందే అలవాటు చేసుకోవాలి.

బండి మీ పేరు మీదే ఉండాలని లేదు, అన్నయ్యదో ఫ్రెండ్‌దో తీసుకోవచ్చు. అద్దె బైక్ తీసుకుందామంటే సాధారణంగా లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇస్తారు, మీ చేతిలో ఉన్నది ఎల్ఎల్ఆర్ కాబట్టి అది కుదరదు. ఎవరిది తీసుకున్నా ఇన్సూరెన్స్ తేదీ మీ కళ్లతో చూసుకున్నాకే తీయండి. మామూలు పాలసీల్లో ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నడిపినా ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, కాకపోతే సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోని 3వ రూల్ పాటించాలని అందులోనే రాసి ఉంటుంది. ఆ రూల్ ప్రకారం లైసెన్స్ ఉన్న మనిషి నేర్పిస్తూ వెంట ఉండాలి, బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం కంటే, ఎల్ అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు కంటే తగ్గకూడదు. వెనక కూర్చోబెట్టుకోదగింది ఆ నేర్పించే మనిషిని మాత్రమే, ఎల్ బోర్డు బండి మీద చెల్లినో ఫ్రెండ్‌నో ఎక్కించుకోకూడదు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎవరినైనా గుద్దితే లక్షల్లో కట్టాల్సింది మీ ఇంట్లోవాళ్లే, ఫ్రెండ్ బండి అయితే వాళ్లింట్లోవాళ్లు కూడా.

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్, 6 నెలల్లోపు ఇచ్చేయాలి. స్లాట్ బుక్ చేసుకున్నాక ఒకరోజు తీరిక చేసుకుని మీకు పడిన ట్రాక్ దగ్గరికి, హైదరాబాద్‌లో నాగోల్ కావచ్చు కొండాపూర్ కావచ్చు మీ జిల్లా ఆఫీస్ కావచ్చు, వెళ్లి కాసేపు నిలబడి చూడండి. మలుపు ఎంత ఇరుకుగా ఉంది, ఎటు నుంచి మొదలుపెట్టమంటున్నారు, ఏ బళ్లవాళ్లు కాలు కింద పెడుతున్నారు అన్నీ తెలుస్తాయి. అదే కొలతలో మీ కాలనీ గ్రౌండ్‌లో సున్నంతోనో ఇటుక ముక్కలతోనో 8 గీసుకోండి.

టెస్ట్ ముందురోజు బండి కడిగి, రెండు అద్దాలు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్, హారన్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. మార్చేసిన సైలెన్సర్, ఫ్యాన్సీ నంబర్ ప్లేట్ ఉన్న బండి తీసుకెళ్లకండి, మీరెలా నడుపుతారో చూడకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కన్ను దాని మీద పడుతుంది. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు, ఎల్ఎల్ఆర్, ఐఎస్ఐ మార్క్ హెల్మెట్ అన్నీ ఒకచోట పెట్టుకోండి. కొత్త బండికి మొదటి ఏడాది పొల్యూషన్ అవసరం లేదు. కొత్త బళ్లలో చాలావాటికి సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేర్ వేస్తే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, టెన్షన్‌లో స్టాండ్ తీయడం మర్చిపోయి బండి పాడైందని కంగారుపడేవాళ్లు ఉన్నారు, కాబట్టి ముందు స్టాండ్ చూసుకోండి. ఒకవేళ ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు, మూడుసార్లు ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఆ 7 రోజులూ అదే బండి మీద ప్రాక్టీస్ చేయండి, వేరే బండికి మారకండి.

మన దగ్గర గేర్ బైక్ లైసెన్స్‌కి సీసీ హద్దు లేదు. షైన్ మీద పాసైన మనిషి మర్నాడే బుల్లెట్ ఎక్కినా చట్టం అడ్డు చెప్పదు. అందుకే టెస్ట్‌కి పెద్ద బండి తీసుకెళ్లి ఇబ్బంది పడాల్సిన అవసరం లేదంటున్నాను. కానీ బుల్లెట్ కొన్న రోజున మళ్లీ అదే గ్రౌండ్‌కి వెళ్లండి, తోసుకుంటూ నడిపించడం, స్టాండ్ వేయడం, హాఫ్ క్లచ్‌లో 8, గట్టిగా బ్రేక్ వేసి ఆపడం మొదటి నుంచీ చేయండి, వెనక మనిషిని ఎక్కించుకునేది ఆ తర్వాతే.