కంపెనీ బోర్డులో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోవడం ఎలా?

షేరు కొనేముందు డైరెక్టర్ల జాబితా చూసి, 'అబ్బో, అందరూ పెద్దవాళ్లే' అని సంతృప్తిపడి నివేదిక మూసేసే పద్ధతి ముందు మానండి. సత్యం కంప్యూటర్స్ బోర్డులోనూ పెద్దవాళ్లే ఉన్నారు: మాజీ క్యాబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) డీన్, హార్వర్డ్ ఆచార్యుడు, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న ఇంజనీరు. 2008 డిసెంబర్ 16న ఆ బోర్డే, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల కోసం 160 కోట్ల డాలర్లు వెచ్చించడానికి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. మదుపర్లు గగ్గోలు పెట్టాక గంటల్లోనే వెనక్కి తగ్గింది.

కావలసినవి: అయిదేళ్ల వార్షిక నివేదికలు, పెద్ద తెల్లకాగితం, పెన్సిలు. నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఎక్సెల్ వద్దు. గళ్లలో పెట్టిన సంబంధం కంటికి ఆనదు, గీత గీయాల్సిందే.

'కార్పొరేట్ గవర్నెన్స్' భాగం తెరవండి. డైరెక్టర్ల మధ్య బంధుత్వాలు, ఇతర కంపెనీల్లో వారి పదవులు, సమావేశాలకు హాజరు అన్నీ అక్కడే ఉంటాయి. పేర్లు వలయాకారంలో రాసి, సంబంధం ఉన్నవారిని కలపండి. నీ బోర్డులో నేను, నా బోర్డులో నువ్వు అనే ఇచ్చిపుచ్చుకోవడానికి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో అడ్డుకట్ట వేసింది. కానీ అది రెండు కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికే. మూడు కంపెనీల గుండా తిరిగివచ్చే దారి మీ కాగితం మీదే కనిపించాలి.

ఇక అందరూ చెడగొట్టే దశ. చట్టం కంటికి ఆనని బంధాలను గుర్తించడం. 2013 కంపెనీల చట్టం ప్రకారం బంధువులంటే ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఆ జాబితాలో వియ్యంకుడు లేడు. బావమరిది లేడు, మేనమామా లేడు. మన ఇళ్లలో వియ్యంకుడి మాటకు అడ్డు చెప్పడం ఎంత సులువో ఆ జాబితా రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు!

అలాగని కనబడిన ప్రతివారికీ గీత గీయకండి. ఒకే జిల్లా, ఒకే కులం, ఒకే కళాశాల అంటూ మొదలుపెడితే కాగితం సాలెగూడు అవుతుంది, మీకు మిగిలేది పుకారు. నా నియమం ఒక్కటే: డబ్బు గానీ, పదవి గానీ చేతులు మారితే నిండు గీత, మిగతాదంతా చుక్కల గీత. కన్సల్టెన్సీ రుసుము నిండు గీతే. సత్యం బోర్డులోని ఆచార్యుడికి అలాంటి రుసుము అందిన సంగతి వార్షిక నివేదికలోనే ఉంది, చదివినవారు తక్కువ. ఇద్దరూ కలిసి గోల్ఫ్ ఆడతారన్నది చుక్కల గీత.

చుక్కల గీత నేరం కాదు. సీఈవోతో స్నేహం ఉన్న డైరెక్టర్లు ఎక్కువగా సలహాలిస్తారని అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ వెస్ట్‌ఫాల్ 1999లోనే చూపించాడు. చిక్కంతా సలహాకూ ఓటుకూ మధ్య ఉంటుంది. మొహమాటం ప్రశ్నను ఆపదు, వ్యతిరేక ఓటును ఆపుతుంది. మేటాస్ విషయంలో సందేహాలు వ్యక్తం చేసినా వ్యతిరేకంగా ఓటు వేయలేదని, అందుకు నైతిక బాధ్యత వహిస్తున్నానని సత్యం డైరెక్టర్ మంగళం శ్రీనివాసన్ రాజీనామా చేసింది. అందుకే 'బోర్డు లోతుగా చర్చించింది' అన్న వాక్యానికి నేను విలువ ఇవ్వను.

ఇప్పుడు గీతల మీద నిర్ణయాలను పరచండి. సంబంధిత పక్షాలతో (యజమానులు, వారి బంధువులు, వారి ఇతర కంపెనీలతో) లావాదేవీలు, ఛైర్మన్ జీతం పెంపు, కొనుగోళ్లు, కొత్త నియామకాలు చాలు. నిండు గీత మీద పెద్ద నిర్ణయం పడితే ఆ షేరు జోలికి పోవద్దు. చుక్కల గీత మీద పడితే వాటాదారుల సమావేశం ఓటింగ్ ఫలితాలు చూడండి. యజమానులను పక్కనబెట్టి మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థల వంటి మదుపు సంస్థలు మొత్తంగా ఎటు వేశాయో అక్కడ తెలుస్తుంది. స్వతంత్ర డైరెక్టర్ల (యజమానులతో సంబంధం లేనివారిగా బోర్డులో కూర్చునేవారి) రాజీనామా లేఖలూ చదవాలి. 'వ్యక్తిగత కారణాలు' ఒకరు రాస్తే సరే, వెంటవెంటనే ఇద్దరు రాస్తే ఆగండి.

కాగితం మీద తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది బోర్డులో కొత్త పేరు కనబడితే, పాతవారిలో ఎవరితో ఇంతకుముందు మరో బోర్డులో కూర్చున్నారో ముందు అదే వెతకండి.