వాక్యధ్యానం, 5వ పాఠం: ఇక్కడ ‘మీరు’ అంటే ఎవరు?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని బాధపెట్టింది. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు (ఆ ఏడాదికని ఒక్కొక్కరు తీసుకునే బైబిలు వచనపు చీటీ) తీసి, అందులోని వచనం ఏ అధ్యాయంలో ఉందో ఆ అధ్యాయమంతా వారం రోజులు చదవమన్నాను. మీకు నిరీక్షణ కలిగించే మేలు ఉద్దేశాలే నావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వచ్చినవాళ్లే ఎక్కువ. డిసెంబర్ 31 రాత్రి మందిరంలో పళ్ళెంలోంచి ఆ కార్డు తీసుకున్న ఒక అక్క, దాని పై వచనంలో బబులోను చెరకు, అంటే యూదులు అక్కడ బందీలుగా ఉండే కాలానికి, "డెబ్బది సంవత్సరములు" చూసి, "అయితే ఇది నాకిచ్చిన మాట కాదా బ్రదర్?" అని అడిగారు. కొడుకు ఉద్యోగం కోసం ఆమె ఆ కార్డు పట్టుకునే ప్రార్థిస్తున్నారు. తప్పు నాది. 28వ అధ్యాయం నుంచి మొదలుపెట్టమని చెప్పాల్సింది. అందుకే కీర్తనల పాఠం వచ్చే వారానికి జరిపాను.

28లో హనన్యా అనే ప్రవక్త, బబులోను రాజుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా ప్రవక్త మెడమీద వేసుకున్న కాడిని తీసి విరిచేస్తాడు. రెండేళ్లలో చెర ముగుస్తుందనీ, మందిరపు ఉపకరణాలు తిరిగొస్తాయనీ అందరి ముందు చెబుతాడు. యిర్మీయా కూడా ముందు "ఆమేన్" అనే అంటాడు. తనకూ అదే కావాలి మరి. కానీ ఆ మాట దేవుడు పంపింది కాదు. అదే ఏడాది ఏడో నెలలో హనన్యా చనిపోతాడు. ఇది చదివాక, చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా పంపిన 29లోని ఉత్తరం చదవండి. బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి. ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్ల మనిషి మళ్లీ యెరూషలేము చూసి ఉండడు. అయినా 11వ వచనం అతనిది కూడా.

ఎలాగంటారా? అక్కడున్నది "మీకు". మనం ఎక్కువగా జారేది ఇక్కడే. ఇంట్లో, ఆఫీసులో ఒక్క మనిషిని గౌరవించి ‘మీరు’ అంటాం కాబట్టి, బైబిల్లో ‘మీరు’ కనబడగానే దేవుడు నన్నొక్కడినే మర్యాదగా పిలిచాడనుకుంటాం. మన పాత అనువాదంలో దేవుడు ఒక్కరితో మాట్లాడితే ‘నీవు’ అంటాడు, మోషేతోనైనా యిర్మీయాతోనైనా. ‘మీరు’ అన్నాడంటే ఆ మాట ఒక్కరికి కాదు, జనానికి అని అర్థం. యెహోషువ 1 చూడండి: మూడో వచనంలో "మీరు అడుగుపెట్టు ప్రతి స్థలమును", ఐదో వచనంలో "నీకు తోడైయుందును". దేశం జనానికి, తోడు వాళ్ల నాయకుడు యెహోషువకు. యోహాను 3:7లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి: నీకొదేముతో ‘నీతో’ చెబుతూ, ‘మీరు’ క్రొత్తగా జన్మించాలంటాడు ప్రభువు. రాత్రివేళ ఒంటరిగా వచ్చిన మనిషికి, అతని వెనకున్న వాళ్లందరినీ కలిపి చెప్పిన మాట అది. 1 కొరింథీయులు 3:16లో దేవుని ఆలయం ‘మీరు’. మన సంఘాల్లో ఆ వచనం ఒంటరి మనిషి శరీరం గురించే ఎన్నిసార్లు వినిపిస్తుందో! శరీరం మాట ఆరో అధ్యాయంలో వేరేగా ఉంది. మూడులో, ఆ పత్రిక రాసిన పౌలు బాధ, చీలిపోతున్న సంఘం గురించి.

నేను ‘మీరు’ పక్కన పెన్సిల్‌తో చిన్న ‘బ’ రాసుకుంటాను, బహువచనం అని గుర్తు. ఫోన్‌లో చదివేవాళ్లు ఏం చేస్తారో మీ ఇష్టం. నాకు మాత్రం అచ్చు పుస్తకంలోనే చెయ్యి ఆగుతుంది. అమ్మ బైబిల్లో అట్ట లోపల అతికించిన పాత వాగ్దాన కార్డు ఒకటుంది, అంచులు పసుపెక్కి. దాని కింద అమ్మ చేతిరాతతో మా వీధి ప్రార్థన కూడికకు వచ్చే ఏడుగురు స్త్రీల పేర్లున్నాయి. ‘బ’ రాయడం నాకు తెలియకముందే అమ్మ ఆ వచనాన్ని అలా చదివింది.

అక్కా, ఆ కార్డు తీసేయకండి. అది మీదే, మీతోపాటు ఎదురుచూస్తున్న వాళ్లది కూడా.

అభ్యాసం: లూకా 22:31-34. ‘మిమ్మును’, ‘నీ’, ‘నీకొరకు’ ఎక్కడెక్కడ మారాయో గుర్తుపెట్టండి. సాతాను కోరింది ఎవరిని, ప్రభువు పేరు పెట్టి వేడుకున్నది ఎవరి కోసం? ఆ తర్వాత యిర్మీయా 27, 28, 29 ఒకే బిగిన, పైకి చదవండి. ఒక్కరే వద్దు. సంఘంలో మీతో మాటలు ఆగిపోయిన వారెవరైనా ఉంటే, ముందు వారిని పిలవండి.