ఫ్రెండ్ పార్టీలో బిళ్ళ వేసుకుని తేడాగా ఉంటే ఏం చేయాలి: ఒక క్యాజువాలిటీ నర్సు చెప్పేది

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. వీకెండ్ నైట్ డ్యూటీలో, అర్ధరాత్రి దాటాక ఒకణ్ణి మోసుకొచ్చి "ఫుడ్ పాయిజన్ అయింది సిస్టర్" అనే కుర్రాళ్లు మాకు కొత్త కాదు. ఫుడ్ పాయిజన్‌కి కనుపాపలు అంత పెద్దవి కావు, దవడలు అలా బిగుసుకోవు. గుచ్చి గుచ్చి అడిగితే "బిళ్ళ వేశాడు" అని నోరు విప్పుతారు. ఆ బిళ్ళల్లో అందరికీ తెలిసిన పేరు ఎక్స్‌టసీ, అంటే ఎండీఎంఏ. ఇది వేసుకున్నవాళ్ల పక్కన ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఆ టైంలో బుర్ర పనిచేసేది వాళ్లకే.

ముందు మామూలుగా ఏమవుతుందో తెలియాలి. ఎండీఎంఏ మెదడులో ఉన్న సెరటోనిన్‌ని ఒక్కసారిగా బయటికి వదిలిస్తుంది. మింగిన అరగంట నుంచి గంట లోపు మొదలై 3 నుంచి 6 గంటలు ఉంటుంది. అందరూ ఆప్తుల్లా కనిపిస్తారు, అలసట తెలియదు, పళ్ళు కొరుకుతారు, గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. గంటైనా ఏమీ కాలేదని ఇంకో బిళ్ళ వేసుకోబోతే మాత్రం ఆపండి. ఎక్స్‌టసీ పేరుతో పీఎంఎంఏ అనే ఇంకో మందు కూడా అమ్ముతారు. అది నెమ్మదిగా ఎక్కుతుంది, విషం ఎక్కువ. రెండోది వేసుకున్నాక రెండూ కలిసి మీద పడతాయి. ఇక "ఎండీ" అని ఇచ్చేది చాలాసార్లు మెఫిడ్రోన్, అది వేరే మందు. అందుకే ఫలానాది వేసుకున్నాడని మీరు చెప్పినా మేము పూర్తిగా నమ్మం.

ప్రాణం తీసేది ముఖ్యంగా వేడి. మందు ఒంట్లో వేడి పెంచుతుంది, గాలి ఆడని హాల్లో ఆగకుండా డాన్స్ చేస్తే ఇంకా పెరుగుతుంది. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తానెక్కడున్నాడో తెలియకుండా ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు బయటికి తీసుకెళ్లి, చొక్కా వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి తగలనివ్వండి. ఐస్ దొరికితే గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర పెట్టండి. పారాసిటమాల్ ఇవ్వొద్దు. ఇది ఇన్ఫెక్షన్ జ్వరం కాదు, ఆ మాత్రకి దిగదు. పెనుగులాడుతుంటే నలుగురూ మీద పడి అదిమిపెట్టొద్దు, అలా గింజుకునేకొద్దీ వేడి పెరుగుతుంది.

నీళ్ల విషయంలో చాలామంది పొరబడతారు. వేడి కదా అని లీటర్లకి లీటర్లు తాగిస్తారు. ఎండీఎంఏ ఒంట్లో నీళ్లు బయటికి పోకుండా పట్టి ఉంచే హార్మోన్‌ని పెంచుతుంది. దాని మీద ఇంకా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. 1995లో ఇంగ్లండ్‌లో లియా బెట్స్ అనే అమ్మాయి తన 18వ పుట్టినరోజు పార్టీలో ఒక్క బిళ్ళ వేసుకుని, గంటన్నరలో దాదాపు 7 లీటర్ల నీళ్లు తాగి ఇలాగే చనిపోయింది. ఈ ప్రమాదం ఆడపిల్లలకి ఇంకా ఎక్కువ. డాన్స్ చేస్తుంటే గంటకి అర లీటరు, కూర్చుని ఉంటే పావు లీటరు, అదీ గుక్కెడు గుక్కెడుగా. తలనొప్పి, వాంతులు, మత్తుగా జోగడం కనిపిస్తే నీళ్లు ఆపేసి ఆసుపత్రికి తీసుకురండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మనవాళ్లు మానరు. వాటితో ఏ లాభమూ లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలే వద్దు.

వాడు వేరే మాత్రలు ఏమైనా వాడుతున్నాడేమో గుర్తు చేసుకోండి. డిప్రెషన్‌కి వాడే ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి, నొప్పులకి వాడే ట్రమడాల్, దగ్గు సిరప్‌లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దీనితో కలిస్తే సెరటోనిన్ మితిమీరుతుంది. చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, పాదాలు వాటంతట అవే టకటకా కొట్టుకుంటాయి.

ఆసుపత్రిలో ఏం వేసుకున్నాడు, ఎన్ని, ఎన్నింటికి, ఆల్కహాల్ కూడా తాగాడా, ఇవి దాచకుండా చెప్పండి. మిగిలిన బిళ్ళ ఉంటే చూపించండి. పోలీసు టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఎండీఎంఏ దగ్గర పెట్టుకోవడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద నేరం, ఆసుపత్రి ఎంఎల్‌సీ (పోలీసులకి తెలిపే మెడికో-లీగల్ కేసు) రాయొచ్చు కూడా. కానీ పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మీరు దాచడం వల్ల సోడియం సంగతి తెలియక మేము మామూలు సెలైన్ ఎక్కించుకుంటూ పోతే జరిగే నష్టం ముందు ఆ ఎంఎల్‌సీ ఏపాటిది?

ఇంటికి వెళ్లాక రెండు మూడు రోజులు దిగులుగా, చిరాగ్గా ఉండడం మామూలే. ఆ దిగులు చచ్చిపోవాలన్న మాట దాకా వెళ్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు మానలేకపోతుంటే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. ఒళ్ళునొప్పులతో మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందంటే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతున్నట్టు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి వచ్చేయండి, కండరాలకి సీకే, కిడ్నీలకి క్రియాటినిన్ అనే రక్త పరీక్షలు చేస్తాం.