చిన్న పిట్టను పెంచుకోవాలంటే: కొనే ముందు, కొన్నాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లో పిట్టతో పడే తిప్పల్లో సగం దుకాణంలోనే మొదలవుతాయి. రంగు చూసి బేరం చేస్తారు. వయసు, రెట్ట, ముక్కు చూడరు. అందుకే ఇక్కడ సమస్య ఇంట్లో కనిపించేదే అయినా, పరిష్కారం చాలాచోట్ల కొనే రోజుకే వెళ్తుంది.

సమస్య: చెయ్యి పెడితే పంజరమంతా కొట్టుకుంటుంది, కరుస్తుంది

వరంగల్, హన్మకొండల్లో 'లవ్ బర్డ్స్' అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేవి బడ్జీలు అనే చిన్న విదేశీ చిలుకలు. పెద్ద జాలీలో గుంపుతో పెరిగి, మనిషి చెయ్యే ఎరగని ముదురు బడ్జీ నెలలు గడిచినా దగ్గరికి రాకపోవచ్చు. కాబట్టి పిల్లనే తీసుకోండి. పిల్లకు నుదుటి మీది నల్లచారలు ముక్కు దాకా దిగి ఉంటాయి, కన్ను మొత్తం నల్లగా ఉంటుంది. మూడు నాలుగు నెలలు దాటాక నుదురు చారల్లేకుండా తేటపడుతుంది, తర్వాత నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం తేలుతుంది. పూర్తి పసుపు, పూర్తి తెలుపు రకాల్లో చారల గుర్తు పనికిరాదు. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం చాలా రకాల్లో పెద్ద మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగులోనో పాలిపోయినట్టో ఉంటుంది. మాటలు నేర్చేది ఎక్కువగా మగదే. ఆడది గట్టిగా కొరుకుతుంది.

రెండో కారణం జోడీ. రెండు పిట్టలుంటే వాటి లోకం వాటిది, మీతో పనిలేదు. రోజుకు రెండు మూడు గంటలు దగ్గర కూర్చునే మనిషి ఇంట్లో ఉంటేనే ఒక్కదాన్ని తెచ్చుకోండి. పొద్దున తాళం వేసి సాయంత్రం వచ్చే ఇల్లయితే జోడీయే న్యాయం. వాటిని చూసి ఆనందించాలి, చేతి మీద కూర్చోలేదని బాధపడకూడదు. ఫించ్‌లు (పిచ్చుక లాంటి చిన్న గింజల పిట్టలు) ఎలాగూ చేతికొచ్చే రకం కావు. అసలైన ఆఫ్రికన్ లవ్ బర్డ్‌ది బలమైన ముక్కు, బడ్జీల పంజరంలో వదిలితే వాటి కాలివేళ్లు కొరికేస్తుంది. నెమ్మదైన తోడు కావాలంటే కాకటీల్ (తల మీద కుచ్చున్న విదేశీ చిలుక) మేలు. కానీ దాని ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది, ఆస్తమా ఉన్న ఇంట్లో వద్దు. పైగా పదిహేనేళ్లకు మించి కూడా బతుకుతుంది, అన్నేళ్లు చూసుకోగలరా అన్నది ముందే తేల్చుకోండి.

మచ్చిక చేసే పద్ధతి: పంజరాన్ని గోడకు ఆనించి, మన కంటి ఎత్తులో పెట్టి మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత పక్కన కూర్చుని మాట్లాడాలి. అది బెదరకుండా గింజలు తింటుంటే, కొర్ర కంకి పట్టుకుని చెయ్యి లోపల పెట్టండి, పూటకు పది నిమిషాలు. చేతిలోది తినడం అలవాటయ్యాక వేలిని కాళ్లకు కాస్త పైన, పొట్టకు మెల్లగా ఆనిస్తే అదే ఎక్కుతుంది. గుప్పిట్లో పట్టుకున్నారో, మళ్లీ మొదటికే.

సమస్య: గిన్నె నిండుగానే ఉంది, పిట్ట చిక్కిపోతోంది

గిన్నెలోకి ఒకసారి ఊదండి. పైనున్నదంతా పొట్టే అయితే అది లేచిపోతుంది, అడుగున నాలుగు గింజలు మిగులుతాయి. బడ్జీ గింజను ఒలిచి పొట్టును గిన్నెలోనే వదులుతుంది. చూసినవాళ్లు మేత ఉందనుకుంటారు. రోజూ పొద్దున పొట్టు ఊదేసి, బడ్జీకి రెండు టీస్పూన్లు కొత్త గింజలు పోయాలి. కొర్రలు ఒక్కటే కాకుండా సామలు, వరిగలు కలపండి, పొట్టు తీయనివే. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వెక్కువ, ఎప్పుడో ఒకటి చాలు. కొత్తిమీర, మెంతికూర, మునగాకు ఉప్పునీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగి కట్టండి. మార్కెట్ ఆకుకూరల మీది పురుగుమందు చిన్న పిట్టకు చాలా ఎక్కువ. కాల్షియానికి కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి గట్టి భాగం) ముక్క వేలాడదీస్తే చాలు. అవకాడో, చాక్లెట్, ఉల్లిగడ్డ, మిక్చర్, చాయ్ అసలే వద్దు.

వంటింటి డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచండి. మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాములుంటుంది. దాని బరువులో పదో వంతు తగ్గినా, రొమ్ము ఎముక కత్తిలా వేలికి తగిలినా డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: బొచ్చు ఉబ్బించుకుని మూలకు కూర్చుంది

పిట్ట జబ్బును దాచిపెడుతుంది. బయటపడేసరికి చాలా ముదిరి ఉంటుంది. తెచ్చిన వారంలోనే ఇలా అయితే జబ్బు దుకాణం నుంచే వచ్చి ఉండొచ్చు. కొనేటప్పుడు పంజరానికి దూరంగా పావుగంట నిలబడండి. పగలే కళ్లు మూస్తున్నదీ, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతున్నదీ, వెనకభాగం రెట్టతో అంటుకున్నదీ వద్దు. అదే జాలీలో ఇంకోటి అలా ఉన్నా వద్దు, పక్కది ఎంత హుషారుగా ఉన్నా సరే.

ఇంట్లో అయితే మొదట వెచ్చదనం. మూడువైపులా గుడ్డ కప్పి, ఒక చివర బయట 40 వాట్ల బల్బు పెట్టండి. గుడ్డ బల్బుకు తగలకూడదు. ఆ వైపు 30 డిగ్రీలుంటే చాలు, రెండో చివర చల్లగా ఉండాలి. ఎండాకాలంలో గదే అంత వేడిగా ఉంటే బల్బు అక్కర్లేదు. కోళ్లమందు, మనుషుల యాంటీబయాటిక్ నీళ్లలో కలపొద్దు. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. పిట్టలను చూస్తారా అని ముందే కనుక్కుని, అడుగున పరిచిన పేపరు మీది తాజా రెట్టతో సహా వెళ్లండి. ఆరోగ్యంగా ఉంటే ముదురాకుపచ్చ ముద్ద, దానిపై తెల్లటి భాగం, కాస్త నీరు కనిపిస్తాయి. ఇంట్లో వేరే పిట్టలుంటే కొత్తదాన్ని 30 రోజులు వేరే గదిలో ఉంచాలి.

ముక్కు, కాళ్ల మీద తేనెపట్టులా చిన్న చిన్న గుంతలతో తెల్లటి చెక్కు కడితే అది పురుగు. నూనె రాసి కూర్చోకండి. పిట్ట బరువును బట్టి డాక్టర్ ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇస్తారు. చుక్క ఎక్కువైనా ప్రమాదమే.

సమస్య: నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతోంది

మే నెలలో మధ్యాహ్నం అయితే ఎండదెబ్బే. రేకుల కింద, పడమటి బాల్కనీలో పంజరం ఉంచితే అంతే. లోపలి గదికి మార్చి, వెడల్పు పళ్లెంలో నీళ్లు పెట్టండి. కూలర్ గాలి సూటిగా తగలనివ్వొద్దు. చల్లటి పొద్దున కూడా రొప్పుతుంటే అది ఊపిరితిత్తుల జబ్బు కావొచ్చు. వరండాలో వేలాడదీస్తే ఎండతోపాటు కోతుల బెడద. తలుపు గడియకు బైండింగ్ వైరు చుట్టినా పంజరాన్నే లాగి పడేస్తాయి.

హుషారుగా ఉన్నది ఉన్నట్టుండి చనిపోతే వంటింట్లో చూడండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా బాగా వేడెక్కితే వచ్చే పొగ మనకు తెలియకుండానే పిట్టల ప్రాణం తీస్తుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా పిట్ట ఉన్న గదిలో వద్దు.

సమస్య: ఇంట్లోవాళ్లకు రామచిలుకే కావాలి

కుదరదు. రామచిలుక, గోరింక, మునియా లాంటి మన దేశపు పిట్టలను కొనడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. గూటి నుంచి పడ్డ పిల్ల దొరికినా అటవీశాఖకు అప్పగించాలి. బడ్జీ, కాకటీల్ విదేశీ జాతులు, వాటికి ఆ ఇబ్బంది లేదు. కన్యూర్ (ఇంకో రకం విదేశీ చిలుక) కొంటే మాత్రం 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. దుకాణదారు కాగితం ఇవ్వనంటే అక్కడ కొనొద్దు. దాని అరుపు పక్క ఫ్లాటు దాకా వినిపిస్తుంది, అదీ లెక్కలో పెట్టుకోండి.