పటం అద్దాల మధ్య చీమల సొరంగం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పటాలు కట్టే అంగట్లో పని చేస్తాను. సెలవుల్లో మా పాప "నాయనా, బొక్కలోకి పోయిన చీమ లోపల ఏం చేస్తుంది?" అని అడిగింది. మిగిలిన అద్దం ముక్కలతో మూడు పెట్టెలు కట్టాను. మీరూ కట్టుకోవచ్చు.

పెట్టెకు ఏ4 కాగితమంత అద్దాలు రెండు కావాలి. మధ్యలో మూడు వైపులా చెక్క బద్దలు పెట్టి సిలికాన్‌తో అంటించాలి. వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. అసలు కిటుకు అద్దాల సందులో ఉంది. అమెరికాలో జార్జియా టెక్ అనే యూనివర్సిటీ వాళ్లు ఫైర్ యాంట్ అనే చీమల్ని గమనిస్తే, మట్టి ఎలాంటిదైనా సొరంగం వెడల్పు ఇంచుమించు చీమ ఒంటి పొడవంతే ఉందట. అంత ఇరుకైతేనే కాలు జారినప్పుడు గోడను పట్టుకోగలదు. అందుకని మన గండుచీమలకు 1 సెంటీమీటరు సందు చాలు. ఎక్కువైతే నడిమధ్యలో తవ్వుకుపోతాయి, మనకు మట్టే కనబడుతుంది.

ఒక పెట్టెలో స్వర్ణముఖి ఇసుక, ఒకదాంట్లో ఎర్రమట్టి, ఇంకోదాంట్లో చెరువు ఒండ్రు పోశాను. మందు తగలని మట్టే తీసుకోండి. మొదటిసారి నేను చెనక్కాయ చేను గట్టు మీది మట్టి తెచ్చాను. అక్కడ గుళికలు చల్లారని తెలియలేదు. తెల్లారేసరికి పద్దెనిమిది చీమలూ చచ్చిపడున్నాయి. పాప ఆ పూట అన్నం ముట్టలేదు. ఇప్పుడు పిచ్చిగడ్డి బాగా పెరిగి, చీమలు తిరిగే బీడులోంచే తెస్తున్నాను.

మట్టిని జల్లించి తడపండి. పిడికిట్లో పట్టి వదిలితే లడ్డులా నిలవాలి, వేలితో నొక్కితే విడిపోవాలి, నీళ్లు కారకూడదు. ఈ తడే మట్టి రేణువుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేది. పొడి ఇసుకలో చీమ ఎంత తోడినా పక్కనుంచి జారి పూడిపోతుంది.

ఒకే బొక్క దగ్గర ఇరవై చీమల్ని బెల్లం ముక్క పెట్టి కాగితం మీదికి రప్పించండి. బొక్క తవ్వి రాణిని తీయొద్దు. పెట్టె అంచుకు లోపలివైపు టాల్కం పౌడర్ పూసి, పైన పల్చటి గుడ్డ కట్టండి. అద్దాలకు నల్లకాగితం చుట్టి, చూసేటప్పుడు మాత్రం తీయండి.

ఇసుకలో పని వేగంగా సాగింది. ఒక్కో రేణువును దవడలతో పట్టి పైకి మోశాయి. కానీ పైపొర ఆరగానే ద్వారం కూలింది, మళ్లీ మొదలుపెట్టాయి. ఎర్రమట్టిలో గులకరాయి తగిలితే దాన్ని చుట్టి పోయాయి. ఒండ్రులో బాగా ఆలస్యం. మట్టిని పెళ్లగించి చిన్న ఉండలు చేసి మోయాలి మరి. అయితే ఆ గోడ అలికినట్టు నున్నగా వచ్చింది, ఆరినా కూలలేదు. సొరంగం పైకప్పు నిలవడానికి ఇంకో కారణం ఉంది. 2021లో అమెరికాలోనే కాల్టెక్ అనే ఇంకో యూనివర్సిటీ వాళ్లు ఎక్స్‌రే స్కానింగ్‌తో చూస్తే, చీమలు రేణువులు తీసేకొద్దీ పైబరువు సొరంగం చుట్టూ కమానులా సర్దుకుంటోందని తేలింది. దాంతో గోడలోని రేణువుల మీద ఒత్తిడి తగ్గి, చీమకు తీయడం తేలికవుతుంది.

నాలుగైదు చీమలే తవ్వుతూ మిగతావి ఊరికే ఉన్నాయని టెన్షన్ పడకండి. ఫైర్ యాంట్లలోనూ 30 శాతం చీమలే 70 శాతం పని చేశాయని 2018లో లెక్క తేల్చారు. అన్నీ ఒకేసారి దిగితే ఇరుకులో దారి మూసుకుపోతుంది.

రోజూ దూదిని బెల్లం నీళ్లలో ముంచి పెట్టండి, సిరంజితో ఒక మూల కొంచెం తడి ఇవ్వండి. పది రోజులు దాటనివ్వొద్దు. సాయంత్రం చల్లబడ్డాక, పట్టిన బొక్క దగ్గరే వదలండి. వేరే బొక్క దగ్గర వదిలితే అక్కడి చీమలు వాసనతో పరాయివని పసిగట్టి కొరికి చంపేస్తాయి.