వెల్డింగ్ నేర్చుకుందాం - 4: ఆంప్స్ ఎంత పెట్టాలి?

పోయిన పాఠంలో రాడ్ అతుక్కుపోకుండా ఆర్క్ కొట్టడం చూశాం. ఈసారి మెషిన్ మీద కరెంట్ (ఆంప్స్) మార్చే నాబ్ సంగతి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ప్లేట్ మందం కొలిచి, దానికి ఎన్ని ఆంప్స్ అని అడుగుతారు. రాడ్‌తో చేసే ఈ స్టిక్ వెల్డింగ్‌లో నేను ముందు రాడ్ ఎంచుకుంటాను. కరెంట్‌కి హద్దులు పెట్టేది రాడ్డే. ఆ హద్దుల్లో ఎక్కడ ఉండాలో మందం చెబుతుంది.

మైల్డ్ స్టీల్‌కి మామూలుగా వాడే 6013 రాడ్ తీసుకోండి. రాడ్ సైజు ఒక్కో మిల్లీమీటరుకి సుమారు 35 ఆంప్స్ లెక్క. 2.5 రాడ్‌కి 85-90, 3.15 రాడ్‌కి 110. 3 మి.మీ. ప్లేట్‌కి 2.5 రాడ్ పెట్టి 80 దగ్గర మొదలుపెట్టండి. 6 మి.మీ. అయితే 3.15 రాడ్, 115-120. రాడ్ ప్యాకెట్ మీద వేరే అంకెలుంటే నా లెక్క పక్కన పెట్టి వాటినే నమ్మండి. పల్చటి షీట్ మీద పెద్ద రాడ్ మాత్రం వద్దు. నేనొకసారి బద్ధకించి 2 మి.మీ. పైపుకి 3.15 రాడ్డే పట్టాను. అతకడం మాట అటుంచి, పడిన చిల్లు పూడ్చడానికే పూట గడిచింది.

నాబ్ మీది అంకె అంచనాయే. మెషిన్‌ని బట్టి, కేబుల్ పొడవుని బట్టి అసలు కరెంట్ మారుతుంది. అందుకే అదే మందం స్క్రాప్ ముక్క మీద ఒక బీడ్ (వెల్డ్ గీత) వేసి చూడండి. బీడ్ తాడులా పైకి ఉబ్బి కూర్చుందా, రాడ్ మాటిమాటికీ అతుక్కుంటోందా? కరెంట్ చాలట్లేదు. బీడ్ చదునుగా పరుచుకుని అంచుల్లో గాడి పడిందా, సగం కాలేసరికే రాడ్ ఎర్రబడుతోందా? ఎక్కువైంది. 5 ఆంప్స్ చొప్పునే మార్చండి. ఆ సమయంలో చేతి వేగం మార్చకండి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు.

నిలువు జాయింట్‌కి కింద నుంచి పైకి వెళ్లేటప్పుడు 10-15 శాతం తగ్గించండి. స్టెయిన్‌లెస్‌కీ దాదాపు అంతే తగ్గింపు, రాడ్ మాత్రం 308ఎల్ లాంటిది కావాలి. స్టెయిన్‌లెస్‌లో వేడి త్వరగా పాకదు, ఒక్కచోటే పేరుకుని ముక్క వంకర పోతుంది. అల్యూమినియం ఇందుకు పూర్తిగా ఉల్టా, వేడిని లాగేసుకుంటుంది. పైగా లోహం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మీదున్న ఆక్సైడ్ పొర మాత్రం 2,000 దాటితే గానీ కరగదు. దాన్ని స్టిక్‌తో మొదలుపెట్టకండి. టిగ్ అనే వేరే రకం వెల్డింగ్ పాఠంలో ఏసీ కరెంట్‌తో చూద్దాం.

ఈ వారం పని: 3 మి.మీ. ముక్క మీద 70, 80, 90 ఆంప్స్‌తో మూడు బీడ్‌లు వేయండి. స్లాగ్ (బీడ్ మీద గట్టిపడిన పెంకు) కొట్టేసి, పక్కన చాక్‌పీస్‌తో అంకె రాయండి. ఆ ముక్క పారేయకండి, వచ్చే పాఠంలో కోసి లోపల చూడాలి.