ఫ్రాపే మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి: సమస్య - పరిష్కారం

సాయంత్రం ఆరున్నర. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు బట్టీ ముందు లారీ లోడై ఉంది, బిల్లు చేతికొస్తే బయల్దేరాలి. గుమస్తా ఫోన్ చేశాడు. "బాబూ, ఏటయిందో గానీ బిల్లు మీద పేర్లన్నీ డబ్బాలొచ్చేశాయి. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించేమంటారా?" ఆ చివరి మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫ్రాపేలో రీఇన్‌స్టాల్‌తో తీరిన సమస్య నేను ఇంతవరకు ఒక్కటీ చూడలేదు, అలా చేసి డేటా పోగొట్టుకున్నవాళ్లను మాత్రం చూశాను.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ఫ్రాపే ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్, పైథాన్, జావాస్క్రిప్ట్‌లతో రాశారు, లైసెన్స్ ఎంఐటీ, వెనక మామూలుగా మరియాడీబీ అనే డేటాబేస్ ఉంటుంది. ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచేది దీని మీదే. డాక్‌టైప్ అని ఒక ఫారం తయారు చేస్తే దానికి టేబుల్, స్క్రీన్, పర్మిషన్లు, ఏపీఐ (వేరే ప్రోగ్రాములు డేటా అడిగే దారి) అన్నీ అదే ఇచ్చేస్తుంది. పలాస వైపు బట్టీలకూ శ్రీకాకుళంలో రెండు మూడు షాపులకూ స్టాకు, బిల్లింగు నేను దీని మీదే నడుపుతున్నాను, కింద రాసినవన్నీ ఆ పనిలో ఎదురైనవే.

పీడీఎఫ్‌లో తెలుగు డబ్బాల్లా వస్తోంది

స్క్రీన్ మీద తెలుగు చక్కగా కనిపిస్తుంది, పీడీఎఫ్ తీస్తే పేరుకు బదులు ఖాళీ డబ్బాలు. కారణం చాలా చిన్నది. స్క్రీన్ మీద అక్షరాన్ని గీసేది మీ ఫోను లేదా మీ కంప్యూటర్, దాని ఫాంట్‌తో. పీడీఎఫ్ తయారయ్యేది సర్వర్‌లో, అక్కడ కొత్తగా వేసిన ఉబుంటులో తెలుగు ఫాంట్ ఉండదు. అనుమానం తీరాలంటే ప్రింట్ వ్యూ తెరిచి బ్రౌజర్ నుంచే నేరుగా ప్రింట్ ఇవ్వండి, అందులో తెలుగు సరిగ్గా వస్తే తేడా సర్వర్ ఫాంట్‌దే. సర్వర్‌లో లోహిత్ తెలుగో నోటో సాన్స్ తెలుగో వేసి, ఫాంట్ క్యాష్ రిఫ్రెష్ చేసి, మళ్లీ పీడీఎఫ్ తీయండి. ఆ రోజు లారీ ఆలస్యం కాకూడదని ముందు బ్రౌజర్ నుంచే ప్రింట్ తీయించాను, ఫాంట్ సంగతి రాత్రి చూసుకున్నాను.

డబ్బాలకు బదులు ప్రశ్న గుర్తులు వస్తే మాత్రం అది వేరే జబ్బు. డబ్బా వచ్చిందంటే అక్షరం డేటాబేస్‌లో భద్రంగా ఉంది, గీయడానికి బొమ్మ లేదంతే. ప్రశ్న గుర్తు డేటాబేస్‌లోనే ఉందంటే అక్షరం పోయింది, ఏ ఫాంట్ వేసినా తిరిగి రాదు. ఎక్కువగా ఇది ఎక్సెల్ నుంచి పార్టీల పేర్లు దించుకునేటప్పుడు జరుగుతుంది, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అక్కడే ప్రశ్న గుర్తులైపోతుంది. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఎంచుకుని, పాత ఎక్సెల్ ఫైలు నుంచే మళ్లీ దించుకోండి. అందుకే అసలు ఫైలు ఎప్పుడూ పారేయవద్దు.

కరెంటు పోయి వచ్చింది, మెయిళ్లు కదలడం లేదు

లాగిన్ అవుతోంది, బిల్లు సేవ్ అవుతోంది, కానీ మెయిల్ వెళ్లదు, రాత్రి నడవాల్సిన రిపోర్టు నడవదు, పెద్ద ఇంపోర్ట్ పెడితే అలా వెయిటింగ్‌లోనే ఉండిపోతుంది. ఇవన్నీ వెనక వర్కర్లు చేసే పనులు. స్క్రీన్ నడిపేవాడు వేరు, వెనక పని చేసేవాడు వేరు, వాళ్ల మధ్య చీటీలు అందించేది రెడిస్. ఫ్రాపేని టెర్మినల్ నుంచి నడిపే పనిముట్టు బెంచ్. ముందు బెంచ్ డాక్టర్ కమాండ్ ఇవ్వండి, ఎన్ని వర్కర్లు బతికున్నాయో, ఏ సైటుకు షెడ్యూలర్ (వేళకు పనులు మొదలుపెట్టేది) ఆగిపోయి ఉందో చెబుతుంది.

షెడ్యూలర్ ఆగి ఉంటే బెంచ్ ఎనేబుల్ షెడ్యూలర్ చాలు. కొత్త సైటు సృష్టించినప్పుడు అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, చాలామంది ఆన్ చేయడం మర్చిపోతారు. వర్కర్లు సున్నా అని వస్తే సూపర్‌వైజర్ (ఈ ప్రోగ్రాములన్నిటినీ లేపి ఉంచేది) స్టేటస్ చూడండి, రెడిస్ నడుస్తోందో లేదో చూడండి, ఆ తర్వాత బెంచ్ రీస్టార్ట్.

మన దగ్గర ఇంకో కారణం ఎక్కువ. ఎవరో టెర్మినల్‌లో బెంచ్ స్టార్ట్ అని కొట్టి వదిలేసి ఉంటారు. అది డెవలపర్ తన టేబుల్ మీద వాడుకునే పద్ధతి, మెషిన్ రీబూట్ అయితే దానంతట అది లేవదు. కరెంటు పోయిన ప్రతిసారీ సైటు మొత్తం మూతపడుతోందంటే ఇదే. ప్రొడక్షన్ సెటప్ చేయించండి, అప్పుడు మెషిన్ లేవగానే సూపర్‌వైజర్ అన్నిటినీ లేపుతుంది, ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటుంది. యూపీఎస్ కూడా పెట్టండి, ఇది సాఫ్ట్‌వేర్ మాట కాకపోయినా చెప్పక తప్పదు.

గోడౌన్‌లో బస్తాలు ఒక లెక్క, కంప్యూటర్‌లో ఒక లెక్క

నా నిద్ర పాడుచేసింది ఇదే. గోడౌన్‌లో పిక్కల బస్తాలు 212, ఒక్కోటి 80 కిలోలు, ఓనరు నా కళ్ల ముందే లెక్కపెట్టించాడు. స్క్రీన్ మీద 187. ఇరవై అయిదు బస్తాలంటే రెండు టన్నులు, అక్కడ పనిచేసే మనుషుల మీద అనుమానం పడే లెక్క అది. ఇలాంటప్పుడు మనిషిని అడిగేముందు డాక్యుమెంట్‌ని అడగాలి.

ఆ స్టాకు ఫారం తెరిచి కిందికి జరిపి చరిత్ర చూడండి. ట్రాక్ ఛేంజెస్ పెట్టి ఉంటే ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో ఉంటుంది. ఆ రోజు అంకె మారింది గానీ చరిత్రలో ఒక్క లైను లేదు. అంటే మార్పు సేవ్ దారిలో రాలేదు. వెతికితే అంతకుముందు పనిచేసిన డెవలపర్ రాసిన స్క్రిప్టు దొరికింది, బస్తాలు ఒక గది నుంచి ఇంకో గదికి మారితే డీబీ సెట్ వాల్యూతో నేరుగా అంకె దిద్దేస్తోంది. అది వేగంగా ఉంటుంది నిజమే, కానీ తప్పులు పట్టే వాలిడేట్‌ని పిలవదు, సేవ్ అయ్యాక నడవాల్సిన అనుబంధ కోడ్, అంటే హుక్స్, నడవవు, చరిత్ర రాయదు. ఒక గదిలో తగ్గింది, రెండో గదిలో పెంచాల్సిన హుక్ నడవలేదు. బస్తాలు ఎక్కడికీ పోలేదు, ఎవరూ తీయలేదు. ఆ మాట ఓనరుకు అందరి ముందూ చెప్పాను.

పరిష్కారం: స్క్రిప్టులో డాక్యుమెంట్‌ని తెచ్చి, మార్చి, సేవ్ చేయించడం. పాత తేడాను సర్దడానికి మరియాడీబీలోకి దిగి అంకె మార్చకండి, అలా చేస్తే ఇదే తప్పు రెండోసారి చేసినట్టు. ఈఆర్‌పీనెక్స్ట్ అయితే స్టాక్ రీకన్సిలియేషన్ ఎంట్రీ వేయండి, సొంత యాప్ అయితే సర్దుబాటు ఎంట్రీకి ఒక డాక్‌టైప్ పెట్టండి, కారణం రాసేందుకు గడితో సహా.

బటన్ నొక్కితే "అయింది" అంటుంది, రిఫ్రెష్ చేస్తే ఏమీ లేదు

మీ ఫంక్షన్‌ని గెట్ రిక్వెస్టుతో (డేటా చదవడానికే ఉన్న పిలుపు) పిలుస్తున్నారేమో చూడండి. ఫ్రాపే పోస్ట్, పుట్ లాంటివాటి చివర తనే కమిట్ (మార్పును శాశ్వతం) చేస్తుంది, గెట్ అయితే రోల్‌బ్యాక్, అంటే మార్పును వెనక్కి తీసేయడం, చేసేస్తుంది. లింకు పెట్టి పిలిస్తే అది గెట్టే. పోస్ట్‌కి మార్చండి. అంతే గానీ కోడ్‌లో దొరికిన చోటల్లా కమిట్ పెట్టుకుంటూ పోతే, మధ్యలో ఎర్రర్ వచ్చినప్పుడు సగం బిల్లు డేటాబేస్‌లో మిగిలిపోతుంది.

ఏపీఐ నుంచి 20 లైన్లే వస్తున్నాయి

డేటా పోలేదు. డిఫాల్టే 20. లిమిట్ మీరే చెప్పాలి.

"మీరు తెరిచాక ఈ డాక్యుమెంట్ మారింది" అంటోంది

ఒకే బిల్లును ఇద్దరు తెరిచారు, ఒకరు ముందు సేవ్ చేశారు, లేదా వెనక ఏదో స్క్రిప్టు దాన్ని తాకింది. రిఫ్రెష్ చేసి మళ్లీ దిద్దాలి. విసుగ్గా ఉంటుంది గానీ, ఒకరి పని మీద ఇంకొకరి పని పడకుండా కాపాడేది అదే, దాన్ని దాటించే కోడ్ రాయమని ఎవరడిగినా నేను రాయను.

నెలాఖరున రిపోర్టు తిరుగుతూనే ఉంటుంది

రికార్డర్ అని ఫ్రాపేలోనే ఒక పనిముట్టు ఉంది. ఆన్ చేసి రిపోర్టు ఒకసారి నడపండి, ఎన్ని క్వెరీలు వెళ్లాయో, ఒకే రకం క్వెరీ ఎన్నిసార్లు వెళ్లిందో చూపిస్తుంది. ఒకే క్వెరీ వందలసార్లు కనిపిస్తే లూప్ లోపల ఒక్కో డాక్యుమెంట్ తెస్తున్నారన్నమాట, కావలసిన గడులు మాత్రం ఒకేసారి తెప్పించుకోండి. గుండు, బద్ద, ముక్క అని గ్రేడు మీదో పార్టీ పేరు మీదో వెతికే ఫీల్డ్ అయితే దానికి సెర్చ్ ఇండెక్స్ టిక్ పెట్టండి. అయినా నెమ్మదిగా ఉంటే మరియాడీబీ బఫర్ పూల్ (డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) చూడండి, డిఫాల్ట్ 128 ఎంబీయే, 8 జీబీ మెషిన్ కొని దాన్ని అలాగే వదిలేసినవాళ్లు చాలామంది.

అప్‌డేట్ చేశాక నేను పెట్టిన ఫీల్డ్ మాయం

అసలు యాప్ ఫైల్లోనే దిద్ది ఉంటారు, కొత్త వెర్షన్ దాని మీద పడింది. కస్టమైజ్ ఫారం నుంచి పెట్టండి, తర్వాత, యాప్‌తో పాటే వెళ్లే ఫైలు అంటే ఫిక్స్చర్‌గా మీ సొంత యాప్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి.

బ్యాకప్ ఎక్కించాను, మెయిల్ పాస్‌వర్డ్ పనిచేయదు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అది గుర్తుంది కాబట్టి ఇక్కడ ఎవరికి మెషిన్ పెట్టినా బ్యాకప్ ఒక కాపీ ఊరి బయట ఉంచుతాను. అయితే డేటాబేస్ ఫైలు ఒక్కటీ సరిపోదు. సైట్ కాన్ఫిగ్ ఫైల్లో ఎన్‌క్రిప్షన్ కీ ఉంటుంది, దాచిన పాస్‌వర్డులన్నీ దానితోనే తెరుచుకుంటాయి. కొత్త మెషిన్‌లో కొత్త కీ ఉంటే బిల్లులన్నీ వస్తాయి, పాస్‌వర్డులు మాత్రం తెరుచుకోవు. పాత కాన్ఫిగ్ నుంచి ఆ కీ ఒక్క లైను తెచ్చి కొత్త దాంట్లో పెట్టి రీస్టార్ట్ చేయండి. పాతది దొరకకపోతే మెయిల్ అకౌంట్, ఏపీఐ రహస్యాలు అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ టైప్ చేయాలి. ఫొటోలు, స్కాన్ చేసిన వేబిల్లులు కావాలంటే బ్యాకప్ తీసేటప్పుడే ఫైల్స్‌తో సహా అని చెప్పాలి, చెప్పకపోతే అవి అందులో ఉండవు.